సమీకరణంలో కనిపించని నీరు

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు పాఠం చెబుతూ నల్లబల్ల మీద ఇలా రాశాను:

ఆమ్లం + క్షారం → లవణం + నీరు

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారండీ, ఇక్కడ వచ్చినవి ఉప్పూ, నీళ్ళే కదండీ. మరి కెమికల్ ఫ్యాక్టరీల్లోంచి రంగు నీళ్ళు, కంపు నీళ్ళు వస్తాయంటారు. ఆ నీళ్ళు ఈ సమీకరణంలో ఎక్కడున్నాయండీ?" అని అడిగింది.

అంతలో గంట కొట్టేశారు. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబే ఈ వ్యాసం. మీలో చాలామందికి కూడా ఆ సందేహం వచ్చే ఉంటుంది. రసాయన సమీకరణం ఏ పదార్థం ఏ పదార్థంగా మారిందో చెబుతుంది. ఆ మార్పు జరగడానికి, జరిగాక సరుకును శుభ్రం చేయడానికి ఎన్ని బిందెల నీళ్ళు పట్టాయో చెప్పదు. ఫ్యాక్టరీ మురుగునీటిలో ఎక్కువ భాగం ఆ చెప్పని చోట్లనుంచే పుడుతుంది. ఆ చోట్లు ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా వంటింట్లోకి

అన్నం వండటం కూడా ఒక తయారీయే. ముడిసరుకు బియ్యం, తయారైన సరుకు అన్నం. మీ అమ్మగారు అరకిలో బియ్యం వండేటప్పుడు దగ్గర కూర్చుని నీళ్ళు కొలవండి. మా ఇంట్లో నేను కొలిచాను. బియ్యం కడగడానికి మూడు లీటర్లు, వార్చిన గంజి ఒక లీటరు, గిన్నెలూ గరిటెలూ తోమడానికి ఆరు లీటర్లు. అంటే అరకిలో బియ్యానికి పది లీటర్ల వాడిన నీరు తయారైంది. ఇందులో ఒక్క చుక్క కూడా మన కంచంలోకి రాలేదు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? గేదె ఉన్న ఇంట్లో కడుగునీళ్ళు, గంజి కుడితి తొట్టిలోకి పోతాయి. గిన్నెలు తోమిన నీళ్ళు అరటిచెట్టు మొదట్లోకి పోతాయి. నా చిన్నతనంలో ఒకసారి సబ్బునీళ్ళు ఒక చెంబుడు తీసుకెళ్ళి పొరపాటున కుడితి తొట్టిలో పోశాను. గేదె మూతి పెట్టి వెనక్కి తీసేసింది. మా అమ్మ తొట్టెడు కుడితీ పారబోసింది. ఆ పూట నాకు పడ్డ తిట్లు ఇప్పటికీ గుర్తే. ఒక చెంబుడు సబ్బునీళ్ళు తొట్టెడు కుడితిని పాడుచేశాయి. తొట్టెడు కుడితి మాత్రం ఆ చెంబుడు సబ్బునీళ్ళను బాగుచేయలేకపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వ్యాసం చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

చర్యలోనే పుట్టే నీరు

కొన్ని రసాయన చర్యల్లో నీరు సమీకరణంలోనే కనిపిస్తుంది. దీనికి మంచి ఉదాహరణ మన పొలాల్లో చల్లే యూరియా. తాటిపాక, పాశర్లపూడి వైపు వెళ్ళినవాళ్ళు సహజవాయువు బావులు చూసే ఉంటారు. కృష్ణా గోదావరి బేసిన్ లో దొరికే ఈ వాయువు ముడిసరుకుగా కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ కర్మాగారం 1992లో యూరియా ఉత్పత్తి ప్రారంభించింది. సహజవాయువు నుంచి, నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ తీస్తారు. దాన్ని గాలిలోని నైట్రోజన్ తో కలిపి అమ్మోనియా చేస్తారు. ఆపైన జరిగేది ఇది:

అమ్మోనియా + కార్బన్ డయాక్సైడ్ → యూరియా + నీరు

అణుభారాల లెక్క వేస్తే 34 కిలోల అమ్మోనియా, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ కలిసి 60 కిలోల యూరియా, 18 కిలోల నీరు ఇస్తాయి. అంటే ఒక టన్ను యూరియా తయారైతే దానితోపాటు 300 కిలోల నీరు పుట్టి తీరుతుంది. ఆ నీటిని ఎవరూ పంపు తిప్పి పట్టలేదు, చర్యే దాన్ని కన్నది.

ఈ నీరు స్వచ్ఛమైనది కాదు. అందులో అమ్మోనియా, కొంచెం యూరియా కరిగి ఉంటాయి. అలాగే చెరువులో వదిలితే అమ్మోనియా చేపలకు విషం. యూరియా నాచుకు ఎరువు. అందుకని ఆ నీటిలోకి వేడి ఆవిరి పంపి అమ్మోనియాను బయటికి తరిమి, తిరిగి చర్యకే వాడతారు. శుభ్రపడ్డ నీటిని బాయిలరుకు వాడుకోవచ్చు. అంటే మురుగునీటిలో పోయేది కూడా ఒకప్పటి సరుకే. దాన్ని వెనక్కి పట్టుకుంటే కాలువకూ మేలు, ఫ్యాక్టరీకీ లాభం.

కరిగించిన నీరు, మిగిలిపోయిన నీరు

ఒక పదార్థాన్ని శుద్ధి చేయాలంటే వేడినీటిలో కరిగించి చల్లారుస్తారు. స్వచ్ఛమైన స్ఫటికాలు అడుగున చేరతాయి. పైన మిగిలిన ద్రావణాన్ని మాతృ ద్రావణం అంటారు.

సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్ తీసుకోండి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 గ్రాముల నీటిలో సుమారు 110 గ్రాములు కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 32 గ్రాములే కరుగుతుంది. కాబట్టి చల్లార్చితే 78 గ్రాముల స్ఫటికాలు వస్తాయి. తక్కిన 32 గ్రాములు, వాటితోపాటు ముడిసరుకులోని మలినాలన్నీ ఆ నీటిలోనే ఉండిపోతాయి. స్ఫటికం ఎంత శుభ్రంగా వస్తే, మాతృ ద్రావణం అంత మురికిగా మిగులుతుందన్నమాట.

మందుల తయారీలో ఇది మరీ ముఖ్యం. జ్వరానికి, నొప్పులకు వాడే ఆస్పిరిన్ తయారైన ఊళ్ళలో గోదావరికి అవతల ఉన్న తణుకు కూడా ఒకటి. దాని సమీకరణం చూడండి:

సాలిసిలిక్ ఆమ్లం + ఎసిటిక్ ఎన్ హైడ్రైడ్ → ఆస్పిరిన్ + ఎసిటిక్ ఆమ్లం

ఇక్కడ 180 కిలోల ఆస్పిరిన్ తో పాటు 60 కిలోల ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. వినెగర్ కు పులుపునిచ్చేది ఈ ఆమ్లమే. స్ఫటికాలు వడకట్టాక అది మాతృ ద్రావణంలో ఉంటుంది. దాన్ని బట్టీపట్టి వేరుచేసుకుంటే మళ్ళీ పనికొచ్చే సరుకు. కాలువలో పోస్తే మాత్రం, దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి. చేపలకు ఊపిరాడదు.

కడిగిన నీరు

వడకట్టిన స్ఫటికాల మధ్య కొంత మాతృ ద్రావణం అంటుకునే ఉంటుంది. దాన్ని వదిలించడానికి కడగాలి. ఎలా కడగాలన్నదానిలోనే చాలా ఉంది. చిన్న లెక్క చేద్దాం.

స్ఫటికాల ముద్దలో 100 మిల్లీలీటర్ల మురికి ద్రావణం ఉందనుకోండి. ఎంత వార్చినా ఆ ముద్ద 100 మిల్లీలీటర్లు పట్టి ఉంచుకుంటుంది. మన దగ్గర 900 మిల్లీలీటర్ల మంచినీరు ఉంది.

మొదటి పద్ధతి: 900 మిల్లీలీటర్లూ ఒకేసారి పోసి వార్చండి. మురికి 1000లో 100 వంతు, అంటే పదో వంతు మిగులుతుంది.

రెండో పద్ధతి: మూడుసార్లు, ఒక్కోసారి 300 పోసి వార్చండి. ప్రతిసారీ మురికి నాలుగో వంతుకు తగ్గుతుంది. మూడుసార్లకు 64వ వంతు మాత్రమే మిగులుతుంది.

వాడిన నీరు రెంటిలోనూ 900 మిల్లీలీటర్లే. రెండో పద్ధతిలో ఆరు రెట్లకు పైగా శుభ్రమైంది. అంతేకాదు, మూడో కడుగునీరు దాదాపు శుభ్రంగానే ఉంటుంది. దాన్ని దాచి, తరువాతి ముద్దకు మొదటి కడుగుగా వాడవచ్చు. బట్టలు చివరిసారి జాడించిన నీళ్ళలో మర్నాటి మురికిబట్టలు నానబెట్టే ఇల్లాలు చేసేది ఇదే. ఈ పద్ధతి తెలిసిన ఫ్యాక్టరీకి తక్కువ నీటితోనే పని జరుగుతుంది.

విరుగుడు చేస్తే పుట్టే ఉప్పు

చర్య పూర్తయ్యాక ఆమ్లం మిగిలిపోతే క్షారం పోసి తటస్థీకరిస్తారు. 98 కిలోల గంధకికామ్లానికి 80 కిలోల కాస్టిక్ సోడా కావాలి. ఫలితం 142 కిలోల సోడియం సల్ఫేట్, 36 కిలోల నీరు. మొదట్లో ఆ అమ్మాయి చూపించిన సమీకరణం ఇదే. ప్రయోగశాలలో అది పరీక్షనాళికెడు ఉప్పునీరు. ఫ్యాక్టరీలో అది ట్యాంకర్లకొద్దీ ఉప్పునీరు.

ఎసిటిక్ ఆమ్లం వంటివాటిని సూక్ష్మజీవులు తిని హరాయించుకోగలవు. ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినలేదు. నీళ్ళు కలిపి పలుచన చేస్తే సరిపోదా అంటారేమో. పది గ్రాముల ఉప్పును ఒక లీటరులో కలిపినా, వంద లీటర్లలో కలిపినా అది పది గ్రాములే. పలుచన చేయడం వల్ల నాలుకకు తెలియదు, అంతే. ఆ నీరు ఏళ్ళ తరబడి పారితే భూమిలో ఉప్పు చేరుతుంది.

పాత్రలు, నేల, గాలి కడిగిన నీరు

మందుల ఫ్యాక్టరీలో చాలాచోట్ల ఒకే పాత్రలో ఈ వారం ఒక మందు, వచ్చే వారం మరొక మందు చేస్తారు. మధ్యలో పాత్రను, గొట్టాలను, వడపోత గుడ్డలను కడిగితీరాలి. లేకపోతే ఒక మందులో ఇంకొకటి కలుస్తుంది. నేలమీద ఒలికినవి కడుగుతారు. చర్యలో వెలువడే ఘాటు వాయువులను నీటి జల్లులోంచి పంపి కడుగుతారు. అప్పుడు గాలిలో పోవలసిన మురికి నీటిలోకి వస్తుంది. వానాకాలంలో ఆవరణలో ఒలికిన పొడుల మీద కురిసిన మొదటి వాన కూడా మురుగునీరే.

చల్లార్చే నీరు సంగతి వేరు. అది సరుకును తాకదు, గొట్టం చుట్టూ తిరిగి వేడిని మోసుకుపోతుంది. అయినా అదీ కొంత చెడుతుంది. 100 లీటర్లలో 80 లీటర్లు ఆవిరైతే, 100 లీటర్లలోని లవణాలన్నీ మిగిలిన 20 లీటర్లలో చేరి అయిదింతలు చిక్కనవుతాయి. ఉప్పుమళ్ళలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అప్పుడు ఆ చిక్కని నీటిలో కొంత తీసేసి కొత్త నీరు పట్టాలి. బాయిలరు నీటికీ ఇదే గతి.

కిలో మందుకు ఎంత వ్యర్థం?

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక సులువైన లెక్క ప్రచురించాడు. ఒక కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుంది అన్నదే ఆ లెక్క. పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లో అది 0.1 కిలో లోపే. ఎక్కువ మొత్తాల్లో తయారయ్యే మామూలు రసాయనాల్లో ఒకటి నుంచి అయిదు కిలోల వరకు. మందుల్లో మాత్రం 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ లెక్కలో నీటిని కలపనేలేదు.

మందుల్లో ఎందుకంత? ఒక మందు ఒక్క చర్యలో తయారుకాదు. ఎనిమిది అంచెలు ఉన్నాయనుకుందాం. ప్రతి అంచెలోనూ నూటికి 90 వంతులు సరుకు దక్కిందనుకుందాం. పరీక్షలో 90 మార్కులంటే మంచి మార్కులే. కాని 0.9ని ఎనిమిదిసార్లు హెచ్చవేసి చూడండి. 0.43 వస్తుంది. నూరు వంతుల్లో దక్కింది 43, తక్కిన 57 వ్యర్థంలోకి పోయింది. ప్రతి అంచెలోనూ మళ్ళీ కరిగించడం, వడకట్టడం, కడగడం, పాత్రలు తోమడం తప్పవు.

పటాన్ చెరు చెప్పిన పాఠం

ఇక ఈ నీళ్ళన్నీ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో చూద్దాం. హైదరాబాదు పక్కన పటాన్ చెరు, బొల్లారం ప్రాంతంలో 1970ల నుంచి రసాయనాల, మందుల ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మురుగు నక్కవాగులోకి చేరింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. చుట్టుపక్కల గ్రామాల పొలాలు, బావులు చెడిపోయాయి. 1990లో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1994లో అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. ట్యాంకర్లలో తెచ్చిన నీళ్ళను అక్కడ కలిపి, గాలి ఊది, సూక్ష్మజీవులచేత తినిపించేవారు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. అక్కడికి నీళ్ళు పంపేవి సుమారు 90 మందుల ఫ్యాక్టరీలు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే కూడా ఇది ఎక్కువ.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించండి. శుద్ధి చేసే పని సూక్ష్మజీవులది. వచ్చిన మురుగులో ఉన్నది సూక్ష్మజీవులను చంపే మందు. చావగా మిగిలినవి ఆ మందుకు లొంగని రకాలు. అవి పెరుగుతాయి, ఆ లొంగని గుణాన్ని ఇతర సూక్ష్మజీవులకు కూడా అందించగలవు. అటువంటి గుణం రోగకారక క్రిములకు చేరితే, రేపు మీకో నాకో జబ్బు చేసినప్పుడు డాక్టరుగారు ఇచ్చిన మందు పనిచేయకపోవచ్చు. మనల్ని బతికించే మందే తప్పు చోట చేరి తన బలాన్ని తానే పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు నా చిన్నతనపు కుడితి తొట్టి గుర్తుచేసుకోండి. ఒక ఫ్యాక్టరీ పంపిన ఉప్పునీరు, ఒకరి యాంటీబయాటిక్, ఇంకొకరి ఎసిటిక్ ఆమ్లం ఒకే తొట్టిలో కలిపాం. విడిగా ఉంటే ఎసిటిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు సులువుగా తినేవి. ఉప్పునీటిని ఇగిర్చి ఉప్పు వేరుచేయవచ్చు. యాంటీబయాటిక్ ఉన్న కొద్దిపాటి నీటిని విడిగా కాల్చివేయవచ్చు, లేదా రసాయనాలతో ఆ మందును విరగ్గొట్టవచ్చు. అంతా కలిపాక ఏ పద్ధతీ సరిగా పనిచేయదు. మురుగునీటిని శుద్ధి చేయడం గొట్టం చివర మొదలుపెట్టకూడదు. అది పుట్టినచోటే, పుట్టిన రోజునే, దేని తొట్టి దానికి విడిగా పెట్టాలి.

ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో నీటిని ఇగిర్చి, ఆవిరిని చల్లార్చి మళ్ళీ వాడుకునే పద్ధతి ఉంది. మంచిదే. అయితే దానికి బోలెడు ఇంధనం ఖర్చు, చివర ఉప్పు గుట్టలు మిగులుతాయి. అందుచేత మొదటే తక్కువ అంచెల్లో సరుకు చేయడం, తక్కువ నీటితో కడగడం అన్నింటికంటే మేలు.

మనకెందుకు ఈ సంగతి?

మంజీర నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటాన్ చెరు మందు ఇక్కడికి వచ్చిందని కాదు, మధ్యలో నిజాంసాగర్, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలున్నాయి, ఎంతో దూరం ఉంది. నేను చెప్పేది నది ఒకటేనని. 1852లో ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం నుంచి కాలువలు బయలుదేరి మన సీమకు నీళ్ళిస్తున్నాయి. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు వైపు కూడా వెళ్తున్నాయి. పైవాళ్ళు వాడగా వదిలిన నీరు మనకు వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకుంటాం. ఆ రెండు నెలలూ ఆ చెరువే గతి. అందులోకి వచ్చింది ఏదైనా సరే, కాలువ మళ్ళీ వదిలేదాకా మన బిందెలోకి వస్తుంది.

పైవాళ్ళనే అనడం కూడా న్యాయం కాదు. కొబ్బరి డొక్కలు నీటిలో నానబెడితే ఏమవుతుంది? పీచును పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి, పీచు విడిపోతుంది. డొక్కలోని టానిన్లు కరిగి నీరు నల్లబడుతుంది, ఆక్సిజన్ తరిగి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అదీ ఒక తయారీ మురుగే. దాన్ని మంచినీటి చెరువులో కాకుండా విడిగా తవ్విన గుంటలో నానబెట్టడం కూడా కుడితి తొట్టి నియమమే.

కనుక ఆ అమ్మాయికి నా జవాబు ఇది. "నువ్వు అడిగిన నీళ్ళు బాణపు గుర్తుకు కుడివైపు కొంచెమే ఉన్నాయమ్మా. ఎక్కువ భాగం ఆ బాణంలోనే ఉన్నాయి. కరిగించడం, కడగడం, తోమడం, చల్లార్చడం అన్నీ ఆ చిన్న గీతలో ఇమిడి ఉన్నాయి. రేపు నువ్వు రసాయన శాస్త్రం చదివి ఫ్యాక్టరీలో పనిచేస్తే, సమీకరణం పక్కన నీటి లెక్క కూడా రాసుకో."

చేసి చూడండి

రెండు గాజు పాత్రల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున ఒకే చిక్కదనం ఉన్న సిరానీరు పోయండి. మొదటి పాత్రలో 900 మిల్లీలీటర్ల నీరు పోసి కలిపి, 900 తీసేయండి. రెండో పాత్రలో 300 పోసి కలిపి 300 తీసేయండి. ఇలా మూడుసార్లు చేయండి. మిగిలిన 100 మిల్లీలీటర్లను తెల్లకాగితం ముందు పెట్టి రంగులు పోల్చండి.

ఆలోచించండి

1. 900 కిలోల ఆస్పిరిన్ తయారైతే ఎన్ని కిలోల ఎసిటిక్ ఆమ్లం వస్తుంది?
2. పై ప్రయోగంలో 900 మిల్లీలీటర్లను నాలుగు సమాన భాగాలుగా పోస్తే సిరా ఎన్నో వంతు మిగులుతుంది?
3. ఆరు అంచెల తయారీలో ప్రతి అంచెలోనూ నూటికి 80 వంతులు దక్కితే చివరకు ఎంత దక్కుతుంది?

జవాబులు: 1. 300 కిలోలు. 2. సుమారు 112వ వంతు. 3. నూటికి సుమారు 26 వంతులు.